పైన కప్పు, పక్కన గాలి: వానాకాలం కట్టెల దొంతర

ఆషాఢం వచ్చింది. నాలుగు రోజులుగా ఒకటే ముసురు. పొద్దున్నే స్నానాలకి నీళ్లు కాచాలి. దొంతరలోంచి నాలుగు కట్టెలు లాగి పొయ్యిలో పెట్టారు. పాత పేపర్లు పెట్టారు, కొబ్బరి పీచు పెట్టారు, ఊదుగొట్టంతో ఊది ఊది కళ్లు ఎర్రబడ్డాయి. ఇల్లంతా పొగ. నీళ్లు మాత్రం గోరువెచ్చనైనా కాలేదు. మీ ఇంట్లో కూడా ఇదే వరసా?

పోనీ, మీరు కట్టెలు కప్పలేదా అంటే కప్పారు. నీలం టార్పాలిన్ కొని, నాలుగు పక్కలా నేల దాకా దించి, అంచుల మీద రాళ్లు పెట్టి మరీ కప్పారు. పైనుంచి చుక్క నీరు లోపలికి పోలేదు. అయినా కట్టె ఎందుకు మండలేదు?

ఎందుకంటే నీళ్లు పైనుంచి రాలేదు. కొట్టినప్పటి నుంచీ కట్టెలోనే ఉన్నాయి. వాటికి బయటికి పోయే దారి లేకుండా మీరే మూసేశారు. తడి బట్టల్ని మూటగట్టి ఎండలో పెడితే ఆరతాయా? ఇదీ అంతే. ఈ అధ్యాయంలో గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటే మాట: పైన కప్పు ఉండాలి, పక్కన గాలి ఆడాలి. మిగతాదంతా ఈ మాటని పనిలో పెట్టడమే.

"మా ఇంట్లో గ్యాసుందండీ, కట్టెల గోల మాకెందుకు?" అంటారా? నిజమే. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక పల్లెల్లో కూడా వంట చాలావరకు గ్యాసు మీదికి మారింది. కానీ స్నానాలకి నీళ్ల కాగు, పశువులకి దాణా ఉడకబెట్టే పెద్ద గిన్నె, పెళ్లిళ్లలో గాడిపొయ్యి, కట్టెల పొయ్యి మీద బిర్యానీ వండే హోటలు, ఇవన్నీ ఇంకా కట్టె మీదే నడుస్తున్నాయి. వీటిలో ఏ ఒక్కటి మీకున్నా ఈ నాలుగు పేజీలు మీకోసమే.

ముందు డబ్బు లెక్క

అడితిలో కట్టె తూకానికి అమ్ముతారు. అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో దాదాపు సగం దాకా నీళ్లే ఉండొచ్చు. అలాంటి కట్టె 100 కిలోలు కొన్నారనుకోండి. అందులో అసలు కట్టె 50 కిలోలు, నీళ్లు 50 కిలోలు. అది బాగా ఆరి, నీళ్ల వాటా బరువులో 20 శాతానికి దిగేసరికి మొత్తం తూకం 62 కిలోల చిల్లరకి వస్తుంది. అంటే 37 కిలోల పైచిలుకు నీళ్లకి మీరు కట్టె ధర ఇచ్చారు!

నష్టం అక్కడితో ఆగితే బాగుండు. ఆ కట్టెని పచ్చిగానే పొయ్యిలో పెడితే, అందులోని నీళ్లన్నీ ఆవిరి చెయ్యడానికి మళ్లీ కట్టే ఖర్చవుతుంది. లీటరు నీళ్లని మామూలు వేడి నుంచి మరిగేదాకా తేవడానికి పట్టే వేడి కంటే, ఆ మరిగే నీళ్లని పూర్తిగా ఆవిరి చెయ్యడానికి ఏడు రెట్లకి పైగా వేడి కావాలి. మీ కాగులోకి పోవాల్సిన వేడి కట్టెలోని నీళ్లకి పోతుంది. మిగిలేది పొగ, మసి, కళ్లమంట. సిద్ధాంతం ఇంతే, ఇక పనిలోకి దిగుదాం.

దొంతర పేర్చడంలో ఎనిమిది మెట్లు

1. సంక్రాంతి దాటగానే కట్టె చూసుకోండి. చాలామందికి కట్టెలు గుర్తొచ్చేది మొదటి వాన పడ్డాక. అప్పటికి ఆలస్యమైపోయింది. మాఘ, ఫాల్గుణాల్లో కొట్టిన కట్టెకి ముందు మూడు నాలుగు నెలల ఎండాకాలం ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండని, ఆ పొడి గాలిని కట్టె ఆరడానికి వాడుకోండి. మీ చెట్టే కొట్టిస్తున్నారా? సొంత పొలంలోదైనా 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాల్సి రావచ్చు, కొన్ని రకాలకి మినహాయింపు ఉంది. గొడ్డలి పట్టకముందే అటవీ శాఖ వాళ్లని అడిగి తెలుసుకోండి.

2. కొట్టిన వారంలోనే ముక్కలు చేసి చీల్చండి. కట్టెలోని నీరు బెరడు గుండా పోవడం కష్టం. కోసిన మొనల నుంచి, చీల్చిన పక్కల నుంచి త్వరగా పోతుంది. కాబట్టి మీ పొయ్యికి సరిపోయేలా మూరెడు ముక్కలు కోయించండి. మణికట్టు కంటే లావున్న ప్రతి ముక్కనీ చీల్చండి. తుమ్మ, సరుగుడు పచ్చిగా ఉన్నప్పుడే గొడ్డలికి లొంగుతాయి, ఎండితే రాయే. "ఇప్పుడు దుంగలుగా పడేద్దాం, కావాల్సినప్పుడు చీల్చుకోవచ్చు" అనుకుంటే రెండు విధాలా నష్టం: కట్టె ఆరదు, తర్వాత మీ రెక్కలు మిగలవు.

3. గాలి తగిలే చోటు వెతకండి. దొడ్లో ఏ మూల ఖాళీగా ఉందా అని చూడకండి, ఏ మూల గాలి ఆడుతుందా అని చూడండి. ప్రహరీగోడకీ ఇంటిగోడకీ మధ్య ఇరుకు సందు పనికిరాదు. చూరు నీళ్లు ధారగా పడే చోటు, వాన నీరు నిలిచే పల్లం అసలే వద్దు. మన దగ్గర ఎండాకాలం వడగాలి, నైరుతి రుతుపవనాల గాలి ఎక్కువగా పడమటి వైపు నుంచే వీస్తాయి. కాబట్టి దొంతర పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండేలా, కట్టెల మొనలు తూర్పు పడమరలకి తిరిగేలా పేర్చండి. గాలి ఒక పక్క దూరి రెండో పక్క బయటికి పోతుంది. ఇంటిగోడకి కనీసం ఐదారు అడుగులు, గడ్డివాముకి ఇంకా ఎక్కువ దూరం వదలండి.

4. నేలకి జానెడు ఎత్తులో పెట్టండి. నాలుగైదు చోట్ల రాళ్లో, ఇటుకలో, పాత సిమెంటు దిమ్మెలో పెట్టి, వాటి మీద రెండు పొడవాటి వాసాలు సమాంతరంగా వెయ్యండి. దొంతర వాటి మీద లేవాలి. దీంతో రెండు లాభాలు. కిందనుంచి కూడా గాలి ఆడుతుంది, నేల తేమ ఎక్కదు. రెండోది, చెదలు. చెదపురుగు కట్టెలోకి రావాలంటే ఆ రాళ్ల మీదుగా మట్టి దారి కట్టుకుంటూ పైకి రావాలి. వారానికోసారి వంగి రాళ్ల పక్కలు చూడండి. పెన్సిలంత లావున మట్టి గీత కనిపిస్తే పుల్లతో గీకేయండి. కట్టెలు నేలమీదే ఉంటే ఆ గీత మీకు కనిపించేదే కాదు.

5. కుప్ప పొయ్యకండి, వరస పేర్చండి. ట్రాక్టరు ట్రక్కు వెనక్కి ఎత్తి కట్టెలు గుమ్మరించి వెళ్లిపోతుంది. చాలా ఇళ్లల్లో ఆ కుప్ప అలాగే ఉండిపోతుంది. పైన ఉన్నవి ఎండుతాయి, నడుమ ఉన్నవి బూజు పడతాయి. ఒక పూట కష్టపడి వరస పేర్చండి. ఒక వరసకి ఒక్క కట్టె పొడవే వెడల్పు. ఎత్తు మీ రొమ్ము దాటకూడదు, అంటే నాలుగడుగులు. రెండో వరస కావాలంటే మధ్యలో కనీసం అడుగు సందు వదిలి వేరుగా లేపండి. కట్టెకీ కట్టెకీ మధ్య అక్కడక్కడ రెండు వేళ్లు దూరేంత సందుండాలి. నున్నగా, బిగుతుగా పేర్చిన దొంతర చూడ్డానికి బాగుంటుంది, ఆరడానికి బాగుండదు.

6. రెండు కొసలూ కట్టుదిట్టం చెయ్యండి. దొంతర కూలేది ఎప్పుడూ కొసల దగ్గరే. అక్కడ ఒక పొర నిలువుగా, దాని మీద పొర అడ్డంగా, మళ్లీ నిలువుగా పేర్చుకుంటూ వస్తే స్తంభం కట్టినట్టు నిలబడుతుంది. లేదంటే రెండేసి గుంజలు పాతండి. కట్టె ఆరేకొద్దీ సన్నబడి దొంతర కాస్త కుంగుతుంది, కాబట్టి నెలకోసారి నిలబడి చూసి సర్దండి. పిల్లలు ఎక్కి ఆడుకునే చోటైతే ఇది మరీ ముఖ్యం.

7. మృగశిర లోపు పైన కప్పండి, పక్కలు వదిలెయ్యండి. ఎండాకాలం అంతా కప్పు అక్కర్లేదు. జూన్ మొదటి వారం వచ్చేసరికి మాత్రం కప్పు సిద్ధంగా ఉండాలి. రేకు, తాటాకు, రెల్లుగడ్డి, బరకం, మీకు ఏది చవకగా దొరికితే అది. దొంతర మీద నేరుగా పరవకండి. రెండు కర్రలు పొడవునా వేసి, వాటి మీద కప్పితే కప్పుకీ కట్టెకీ మధ్య కూడా గాలి ఆడుతుంది. కప్పు ఒక పక్కకి వాలుగా ఉండాలి, లేకపోతే నడుమ నీళ్ల గుంట కడుతుంది. అంచులు రెండు పక్కలా జానెడు బయటికి రావాలి, అంతకంటే కిందికి దిగకూడదు. రేకుల మీద బరువు పెట్టి ఊరుకోకండి, తీగతో దొంతర కింది వాసాలకి బిగించండి. గాలివానకి ఎగిరిన రేకు మనిషిని కోసేస్తుంది.

8. వారానికి సరిపడా మాత్రం లోపలికి తెచ్చుకోండి. ముసురు పట్టే సూచన ఉంటే వారం పది రోజుల కట్టె వసారాలోకి చేర్చండి. పైపై తడి అక్కడ ఆరిపోతుంది. పొయ్యికి దగ్గరగా మాత్రం పేర్చకండి, నిప్పురవ్వ ఒక్కటి చాలు.

"పక్కలు వదిలేస్తే వాన కొట్టదా?"

ఈ సందేహం అందరికీ వస్తుంది. ఒక ఇంట్లో మాటలు ఇలా సాగుతాయనుకోండి.

"అదేంటే, బరకం పైకెత్తి కట్టావు? పక్కనించి జల్లు కొడుతోంది చూడు."

"కొట్టనివ్వండి అత్తయ్యా. జల్లు కొట్టినా పైపైనే తడుస్తుంది, రెండు రోజులు గాలి తగిలితే పోతుంది. మూసేస్తే లోపలి ఉక్కకి మొత్తం బూజు పడుతుంది."

కోడలి మాటే సరైనది. ఎండిన కట్టె మీద పడిన జల్లు లోపలిదాకా ఇంకడానికి చాలాసేపు పడుతుంది, ఆరడానికి కొంచెం గాలి చాలు. మూసిన బరకం కింద తడి అలా పోదు. నమ్మకం కుదరకపోతే పొద్దున్నే బరకం లోపలి పక్క చెయ్యి పెట్టి తడమండి. చెమట పట్టినట్టు నీటి బొట్లు చేతికి తగులుతాయి. అవి వాననీళ్లు కావు, మీ కట్టెలోంచి, నేలలోంచి వచ్చినవి.

దీనికి ఒక్కటే మినహాయింపు, తుపాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కోస్తాలో ఈశాన్య రుతుపవనాల వానలు, వాటితోపాటు తుపాన్లు ఉంటాయి. హెచ్చరిక వచ్చినప్పుడు ఆ రెండు మూడు రోజులూ పక్కలు కూడా దించి తాళ్లతో గట్టిగా కట్టండి. వాన తెరిపి ఇవ్వగానే మొదటి పనిగా పైకెత్తండి. దించడం అందరికీ గుర్తుంటుంది, ఎత్తడమే మర్చిపోతారు.

చిల్లర కట్టె సంగతి వేరు

కందికంప, కొబ్బరి మట్ట, తాటి మట్ట, చితుకులు సన్నగా ఉంటాయి కాబట్టి ఎండలో రెండు వారాలకే ఆరతాయి. అంతే త్వరగా తడి పీలుస్తాయి కూడా. వీటిని దొంతరలో కలపకండి. మోపులు కట్టి, పాకలోనో పంచలోనో నిలువుగా ఆనించి పెట్టండి. వానాకాలంలో పొయ్యి రాజెయ్యడానికి ఇవే ప్రాణం, కాబట్టి వీటికే ఎక్కువ భద్రత కావాలి.

పత్తికట్టె విషయంలో ఒక జాగ్రత్త. గింజ తీయని ఎండు కాయల్లో గులాబీరంగు పురుగు దాక్కుని తర్వాతి పంటకి పాకుతుంది. అందుకే పత్తికట్టెని పొలం గట్టు మీద, ఇంటి దగ్గర నెలల తరబడి నిలవ చెయ్యొద్దని వ్యవసాయాధికారులు చెబుతారు. వంటకి వాడేట్టయితే కాయలు దులిపేసి, ముందు దాన్నే వాడెయ్యండి.

ఆరిందో లేదో తెలిసేదెలా?

అడితి దగ్గర జరిగే బేరం చూడండి.

"ఏం బాబూ, కట్టె పచ్చిగా ఉన్నట్టుందే?"

"లేదు సార్, కొట్టి రెండు నెల్లయింది."

"రెండు నెల్లయినా దుంగ దుంగగానే ఉందిగా. ఒకటి చీల్చి చూపించు."

ఇలా అడగడం నేర్చుకోండి. కొట్టి ఎన్నాళ్లయిందన్న దానికంటే చీల్చి ఎన్నాళ్లయిందన్నది ముఖ్యం. ఇక చూడాల్సిన గుర్తులు ఇవి:

1. చప్పుడు. రెండు ముక్కలు ఒకదానితో ఒకటి కొట్టండి. ఎండిన కట్టె ఠంగుమంటుంది, పచ్చిది దబ్బుమంటుంది.

2. మొనలు. కోసిన చోట నడిమి నుంచి అంచుకి పగుళ్లు కనిపించాలి. బెరడు గోటితో లాగితే ఊడి రావాలి. పగుళ్లు ఒక్కటే చూసి మోసపోకండి, మొన ఎండి లోపల పచ్చిగా ఉండొచ్చు.

3. చీల్చిన పక్క. అప్పుడే చీల్చిన లోపలి భాగాన్ని చెంపకి ఆనించండి. చల్లగా, చెమ్మగా తగిలితే ఇంకా ఆరలేదు.

4. మంట. పొయ్యిలో పెట్టాక మొన దగ్గర నురగ కట్టి చుయ్యిమంటే అది పచ్చి కట్టె.

5. తూకం. అన్నిటికంటే నమ్మకమైనది ఇదే. దొంతర నడిమి నుంచి మూడు ముక్కలు తీసి, రంగు గుడ్డ పీలిక కట్టి, స్ప్రింగు కాటా మీద తూచి, సుద్దముక్కతో బరువు వాటి మీదే రాయండి. మళ్లీ అక్కడే పెట్టి, పదిహేను రోజులకోసారి తూచండి. తగ్గుతున్నంతకాలం ఆరుతున్నట్టు. ఎండాకాలంలో వరసగా రెండుసార్లు తూకం మారలేదంటే వాడకానికి సిద్ధం.

హోటలు నడిపేవాళ్లు, ఏడాదికి టన్నుల్లో కొనేవాళ్లు తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి పెట్టుకుంటే మంచిది. దాని సూదులు పైన గుచ్చకండి, అప్పుడే చీల్చిన పక్కన గుచ్చండి. 20 శాతం లోపు చూపిస్తే ధైర్యంగా కొనొచ్చు.

చెయ్యి పెట్టే ముందు

కట్టెల దొంతరలో ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాములు వస్తాయి. తేళ్లు, జెర్రులు సరేసరి. భయపడక్కర్లేదు, అలవాట్లు మార్చుకుంటే చాలు. కట్టె తీసే ముందు కర్రతో దొంతర మీద నాలుగుసార్లు కొట్టండి. ఎప్పుడూ పైనుంచే తియ్యండి, సందుల్లో చెయ్యి దూర్చి లాగొద్దు. చీకటి పడ్డాక టార్చి లేకుండా వెళ్లొద్దు, చెప్పులు లేకుండా అసలే వద్దు. చుట్టూ గడ్డి మొలవనివ్వకండి. పొరపాటున పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం చెయ్యకండి. కరిచిన చోటు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చండి.

ఎక్కువమంది చేసే తప్పులు

- కొత్తగా తెచ్చిన కట్టెని పాత దొంతర ముందు పేర్చి, చేతికి అందుతోంది కదా అని దాన్నే ముందు వాడటం. పాతది వెనకాల పుచ్చిపోతుంది.
- మండని కట్టె మీద డీజిలో పెట్రోలో పొయ్యడం. మంట గుప్పుమని మీదికి లేస్తుంది, కట్టె మాత్రం పచ్చిదే.
- చెదలు పట్టకుండా వాడేసిన ఇంజనాయిలు పూయడం. ఆ పొగే మీ వంటింట్లోకి వస్తుంది.
- రంగులు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు దొంతరలో కలపడం. వంటపొయ్యికి అవి పనికిరావు.

రెండు దొంతరల పద్ధతి

ఇవన్నీ ఒక్క ఏడాదే చేసి ఊరుకుంటే మళ్లీ మొదటికొస్తారు. దీనికి విరుగుడు రెండు దొంతరలు. ఒకటి ఈ ఏడు వాడేది, రెండోది వచ్చే ఏటికి ఆరుతున్నది. ఒక్కోదాని కొసన ఉన్న కట్టె మీద పేర్చిన నెల, సంవత్సరం సుద్దతోనో పెయింటుతోనో రాయండి. ఇంట్లో ఎవరు కట్టె తేవడానికి వెళ్లినా ఏది తియ్యాలో అడగక్కర్లేదు. మొదటి ఏడు మాత్రం రెండింతలు కొనాల్సి వస్తుంది. ఒక్కసారే భరించలేకపోతే ఈ ఏడు నాలుగో వంతు ఎక్కువ కొని పక్కన పెట్టండి, వచ్చే ఏడు ఇంకో నాలుగో వంతు. నాలుగేళ్లలో రెండో దొంతర దానంతటదే నిలబడుతుంది.

ఇప్పుడు మీరున్నది ఏ నెల? మాఘం, ఫాల్గుణం అయితే అడితికి వెళ్లి, చీల్చిన కట్టె అడగండి. చైత్ర వైశాఖాలైతే కుప్పని విప్పి వరస పేర్చండి, ఎండ ఇంకా చేతిలో ఉంది. జ్యేష్ఠమైతే వాలుగా కప్పు వెయ్యండి. అప్పటికే వానలు మొదలయ్యాయా? చింత లేదు. ఈ పూటే దొడ్లోకి వెళ్లి బరకం అంచుల మీది రాళ్లు తీసేసి, పక్కలు పైకి మడిచి కట్టండి. ఇందుకు పైసా ఖర్చు లేదు, పావుగంట కంటే ఎక్కువ పట్టదు, మిగతా మెట్లన్నీ వచ్చే సంక్రాంతి తర్వాత మొదలుపెట్టొచ్చు.